రోట్లో చెయ్యి

డిసెంబరు వచ్చిందంటే నేను టీ కొట్టులో కూర్చోలేను. మొన్న నరసరావుపేట బస్టాండు దగ్గరా అదే జరిగింది. రొంపిచర్ల బస్సుకి ఇంకా టైముంది. బెంచీ మీద చోటు దొరికింది, టీ చేతికొచ్చింది. పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టువాడు బయట స్పీకరు పెట్టి ఆ పాట వేశాడు. మొదలు బాగానే ఉన్నాను. ఆ మాట దగ్గరపడే కొద్దీ కాలు దానంతటది ఆడడం మొదలుపెట్టింది. గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాను.

"ఏంది సార్, చక్కెర తక్కువైందా?" అన్నాడు టీ కొట్టతను.

కాదని చెయ్యి ఊపి రోడ్డు దాటాను. బస్టాండు వెనక గోడ దాకా నడిచాను. పాట అక్కడికీ వచ్చింది. ఇప్పుడా పాట రాని చోటు లేదు. సినిమాల్లో పాడేవాళ్ళు పాడారు, చర్చీల్లో పిల్లలు పాడారు, పెద్ద డ్రమ్ములతో ఒకరు, ఒట్టి వేణువు మీద ఒకరు. ఎవరు పాడినా కింద 'సంప్రదాయ గీతం' అని వేస్తారు. అందులో తప్పు లేదు. ఎవరు కట్టారో మాకూ తెలియదు. కానీ ఎక్కడ పుట్టిందో తెలుసు. మా పేటలో, మా మేనత్త ఇంటి ముందు పాతిన రాతి రోటి దగ్గర పుట్టింది. దాన్ని ఇప్పుడందరూ పాడే పద్ధతికి తెచ్చినవాణ్ణి నేను. అది గొప్పకి చెప్పుకునే సంగతి కాదు.

ఆ పాట అసలు క్రిస్మస్ అరిసెల పిండి దంచే పాట. పండక్కి ముందు పేటలో ఆడవాళ్ళంతా వంతులు వేసుకుని ఆ రోటి దగ్గర చేరేవాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి జోడు రోకళ్ళు వేసేవాళ్ళు. మూడో మనిషి రోటి పక్కన గొంతుక్కూర్చునేది. నానబెట్టి వడగట్టిన బియ్యం, తడిగా ఉంటుంది గదా, దంచే కొద్దీ రోటి అంచులకి పట్టుకుంటుంది. దాన్ని చేత్తో నడిమికి తోస్తుంటేనే పిండి మెదుగుతుంది. ఆ తోసే మనిషే పాటకి పెద్ద.

"వాకిట నిలిచిందెవరే అక్కా, వాకిట నిలిచిందెవరే?" అని కూర్చున్న మనిషి అడుగుతుంది.

"నిండు చూలాలే చెల్లీ, నెలలు నిండిందే" అని రోకళ్ళ వాళ్ళిద్దరూ చెబుతారు.

"చలికి వణికే తల్లి ఏమన్నాదే అక్కా?"

"చోటుందా అన్నాదే చెల్లీ, చోటుందా అన్నాదే."

ఇక్కడ రోకళ్ళు రెండూ పైకి లేచి గాల్లో ఆగుతాయి. పాటా ఆగుతుంది. కూర్చున్న మనిషి చెయ్యి రోట్లో పెట్టి, పిండి నడిమికి తోసి, చెయ్యి బయటికి తీసి, అప్పుడు పాడుతుంది: "ఉందనవే అక్కా, ఉందనవే." ఆ మాట చెవిన పడితేనే రోకళ్ళు దిగాలి. అది పాటలో మాటే కాదు, చెయ్యి బయటికొచ్చిందని చెప్పే మాట కూడా. అందుకే రోకలి పట్టినవాళ్ళు దాన్ని ఎప్పుడూ పాడరు. ఆ మాట చెయ్యి పెట్టిన మనిషిదే.

ఆ ఖాళీకి తాళం లేదు, లెక్క లేదు. పిండి ఎక్కువ అంటుకుంటే ఎక్కువసేపు, తక్కువైతే తక్కువసేపు. చోటుందా అని ఒక నిండు గర్భిణి అడిగిన తర్వాత, ఉందని చెప్పే దాకా, పేట మొత్తం ఊపిరి పట్టుకున్నట్టు ఉండేది. చిన్నప్పుడు నాకు ఆ ఖాళీ అంటే చిరాకు.

నాకు ఏ ఖాళీ అన్నా చిరాకే. కుదురు లేని పిల్లాణ్ణి. "కాలు కాలిన పిల్లిరా నువ్వు" అనేది మా అత్త. అన్నం తింటూ లేచేవాణ్ణి. చర్చిలో ప్రార్థన సగంలో ఉండగానే కిటికీలోంచి దూకేవాణ్ణి. ఆమెన్ నేను రోడ్డు మీద నుంచే అనేవాణ్ణి. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు తెరిచి చూసేది నేనొక్కణ్ణే. అందరి చెప్పుల్లో ఎడమవన్నీ ఒకచోట, కుడివన్నీ ఒకచోట పోసిందీ నేనే. దానికి మా నాన్న కొట్టాడు. అత్త అడ్డం పడింది. నాకు దెబ్బ పడేటప్పుడు ఎప్పుడూ ఆమె చెయ్యే ముందు అడ్డం వచ్చేది.

ఆ యేడు డిసెంబరు ఇప్పటికీ వాసనలతోనే గుర్తుంది. చర్చి గోడలకి వేసిన సున్నం వాసన. రంగు కాగితాలు అంటించడానికి మైదా ఉడికిస్తే వచ్చే వాసన. ఆ జిగురు మేం వేలితో తీసుకుని నాకేవాళ్ళం. పొలాల నుంచి చిలకలూరిపేట జిన్నింగు మిల్లులకి పోయే పత్తి లారీలు మా ఊరి మలుపులో చెట్ల కొమ్మలకి రాసుకుంటే, కొమ్మలనిండా పత్తి పింజలు వేలాడేవి. వాటిని దులిపి తెచ్చి మేం పశువులపాకలో యేసయ్యకి పరుపు వేసేవాళ్ళం. పొయ్యి మీద బెల్లం పాకం. తీగ పాకమా ఉండ పాకమా అని ఆడవాళ్ళ కొట్లాట. నీళ్ళ గిన్నెలో పాకం చుక్క వేసి చూస్తారు గదా, ఆ చుక్క కోసం గిన్నె చుట్టూ మేం.

"ఒరేయ్, పాకం వచ్చిందా లేదా అని చూడ్డానికేసింది మీరు మింగితే మాకెట్టా తెలిసిద్దిరా?" అనేది పెద్దమ్మ.

పెద్దమ్మంటే చుట్టం కాదు. అత్త ఇంటి పక్కిల్లు. అత్తతో పాటు పత్తి తీతకి పోయేది, పండక్కి రోకలి పట్టేది. నోరు మిరపకాయ. అత్త పాడితే ఈమె రోకలి. వీళ్ళిద్దరి జోడీ చూడ్డానికి పక్క పేట వాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళు.

మా అత్త బక్కగా ఉండేది. పత్తి తీతలో మాత్రం చుట్టుపక్కల ఆమెని మించినవాళ్ళు లేరు. కాయ పగిలిన చోట ముళ్ళలాంటి తొడిమ ఉంటుంది. దానికి గీరుకోకుండా వేళ్ళు లోపలికి పోయి, పింజ మొత్తం ఒక్క లాగుడుకి తెచ్చేవి. సాయంత్రం తూకం దగ్గర ఆమె మూట వేస్తే మిగతావాళ్ళు నవ్వి పక్కకి జరిగేవాళ్ళు. ఆమె బతుకంతా ఆ కుడిచేతి వేళ్ళల్లో ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలుసు. తెలియదని చెప్పుకోలేను.

ఇక రేడియో మామ. నరసరావుపేటలో ఆయనకి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. సాయిబుల ఆయన. మా చర్చి మైకు సెట్టు చెడిపోయినప్పుడల్లా సైకిలు మీద వచ్చి బాగుచేసేవాడు. మా పేట పిల్లలందరికీ ఆయన మామే. ఈద్ వస్తే సేమియా డబ్బా తెచ్చేవాడు, క్రిస్మస్‌కి అరిసెల డబ్బా తీసుకుపోయేవాడు. డబ్బా మాత్రం ఒకటే. ఎవరింటి డబ్బానో రెండు ఇళ్ళలోనూ మర్చిపోయారు.

ముందటేడు పండక్కి వచ్చినప్పుడు ఆయన ఆ దంపుడు పాట విన్నాడు. మైకు పని వదిలేసి రోటి దగ్గరే నిలబడిపోయాడు.

"ఏందమ్మా, ఈ పాట ఇక్కడే ఉండిపోద్దా? బయటోళ్ళు ఎవురూ వినొద్దా?" అన్నాడు.

"బయటోళ్ళకి ఎందుకు సాయిబూ, వాళ్ళొచ్చి మా పిండి దంచుతారా?" అంది పెద్దమ్మ.

"మిషను తెస్తా. వచ్చే పండక్కి మిషను తెచ్చి పడతా. అల్లా తోడు."

అన్నట్టే ఆ యేడు తెచ్చాడు. సైకిలు వెనక గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి, పురిటి బిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. నల్లటి టేపురికార్డరు. దానికి ఎర్ర బొత్తాం. పైన చిన్న అద్దం, లోపల తిరిగే రెండు చక్రాలు. మా పేటలో అలాంటిది అంతకుముందు చూసినవాళ్ళు లేరు. ముట్టుకుంటానని నేను, ముట్టుకుంటే చేతులిరగ్గొడతానని మామ.

"ముందు దీంట్లో నా గొంతు పట్టు మామా!"

"నీ గొంతు పడితే మిషను పారిపోద్దిరా. కూకో."

నేను కూర్చోలేదు. ఆ పూటంతా ఒకటే ఆలోచన. పాట టేపులో పడుతుంది. టేపు ఉంటుంది. మామ అన్నాడు, మనం పోయినా ఇది ఉంటుందని. ఆ టేపులో నాదంటూ ఏదో ఒకటి ఉండాలి. గొంతు వద్దంటే, కనీసం చప్పుడు.

రెండో రోకలి పట్టాల్సిన ఆమెకి జ్వరం వచ్చింది. ఇంకొకరిని పిలుద్దామనేలోపు నేను రోకలి కౌగిలించుకుని నిలబడ్డాను. నాకంటే ఎత్తుంది రోకలి.

"ఇది ఆడోళ్ళ పనిరా, మీసాలు రావు నీకు" అంది పెద్దమ్మ.

"రాకపోతే పోనీ" అని అత్తకేసి తిరిగాను.

"అత్తా, నువ్వు చెప్పు. నేను ముందేడాది కూడా ఏశాగా. నేర్పింది నువ్వేగా."

అత్త నవ్వింది. నేర్పింది నిజమే. నా రెండు చేతుల మీద తన చేతులు వేసి, రోకలి ఎక్కడ పట్టాలో, ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చెప్పింది. "ఉందనవే అన్నదాకా దించమాకు. లోకం మునిగినా దించమాకు" అని చెప్పింది. నేను ఎన్నోసార్లు సరిగ్గా ఆపాను కూడా.

"పోనీలే అక్కా, పిల్లోడు ముచ్చటపడుతున్నాడు. ఏయనీ" అంది అత్త.

మామ మిషను తిరగేసిన గంప మీద పెట్టాడు. పేటంతా చుట్టూ చేరింది. ఎవరో దగ్గారు. "అబ్బ, దగ్గినా పట్టేస్తది. మిషను వింటా ఉంది, అందరూ గమ్మునుండండి" అని మామ పెదాల మీద వేలు పెట్టి, ఎర్ర బొత్తాం నొక్కాడు. చక్రాలు తిరగడం మొదలైంది.

అత్త ఎత్తుకుంది. ఆ రోజు ఆమె గొంతు ఎంత బాగుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. నేనూ పెద్దమ్మా రోకళ్ళు వేస్తున్నాం. నా రోకలి చివరనున్న ఇనప పొన్ను రాతికి తగలకుండా పిండిలో దిగుతోంది. నేను రోటికేసి చూడడం లేదు. చక్రాలకేసి చూస్తున్నాను. నా చప్పుడు అందులోకి పోతోంది, చుట్టుకుంటోంది, నిలిచిపోతోంది.

"చోటుందా అన్నాదే చెల్లీ, చోటుందా అన్నాదే."

రోకళ్ళు లేచాయి. పాట ఆగింది. అందరూ గమ్మునున్నారు. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. అద్దం వెనక టేపు ఒట్టిదే పోతోంది. ఒట్టిదే, ఒట్టిదే పోతోంది. ఆ రోజు పిండి బాగా తడిగా ఉంది, అంచులకి ఎక్కువ అంటుకుంది. అత్త చెయ్యి ఇంకా లోపలే ఉంది. నాకది తెలుసు. అయినా నా చేతులు తట్టుకోలేకపోయాయి. ఖాళీగా పోతున్న ఆ టేపులో ఏదో ఒకటి పడాలి.

నా చప్పుడు పడింది.

మెత్తటి చప్పుడు. రాతి మీద పడ్డట్టు లేదు, పిండిలో పడ్డట్టూ లేదు.

అత్త అరవలేదు. మిషను వింటోందని మామ చెప్పాడు గదా, దగ్గు కూడా వద్దన్నాడు గదా. గుండెల్లోంచి గాలి ఒక్కసారి పైకి లాక్కుని, ఆ గాలితోనే "ఉందనవే" అంది. మామూలుగా కింది నుంచి మెల్లగా వచ్చే మాట ఆ రోజు ఎక్కడో పైనుంచి మొదలై, వణికి, మెలితిరిగి కిందికి దిగింది. పెద్దమ్మ చూసింది. అత్త కళ్ళతోనే కానివ్వమంది. పెద్దమ్మ ఒక్కతే రోకలి వేసి చివరిదాకా పాడింది. నేను రోకలి పట్టుకునే నిలబడ్డాను.

మామ బొత్తాం నొక్కి, "వాహ్! ఆ పైకెత్తింది చూశావా, పెద్ద పాటగత్తెలు కూడా..." అంటూ తలెత్తాడు. అప్పుడు చూశాడు. రోట్లో తెల్లటి పిండి ఒక పక్క ఎర్రబడింది.

నేను పరిగెత్తాను. అత్త దగ్గరికి కాదు, ఊరి బయటికి. పత్తి చేలలోకి పోయి చీకటి పడేదాకా అటూ ఇటూ తిరిగాను. మామ అత్తని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బస్సు దాకా, బస్సులో నరసరావుపేట దాకా తీసుకుపోయాడని తర్వాత తెలిసింది. మిషను మా ఇంట్లోనే వదిలేశాడు. అంత ముట్టుకోవాలని తిరిగిన మిషను నా ముందే ఉంది. ఎవరూ కాపలా లేరు. దాని మీద ఒక దుప్పటి కప్పి నేను బయట కూర్చున్నాను.

నడిమి వేలు, చూపుడు వేలు. రెంటి ఎముకలూ అతుక్కున్నాయి గానీ వంకరగా అతుక్కున్నాయి. పిడికిలి ముడుచుకోదు. పత్తికాయలోకి ఆ వేళ్ళు మళ్ళీ పోలేదు. అత్త ఎడమచేత్తో తీయడం నేర్చుకుంది. సాయంత్రం తూకం దగ్గర ఇప్పుడు పక్కకి జరిగేది ఆమె. ఎవరన్నా అడిగితే, "నేనే తొందరపడి చెయ్యి పెట్టా" అనేది. పేటంతా చూసినదాన్ని ఆమె ఒక్కతే వేరేగా చెప్పేది. మా నాన్న ఈసారి కొట్టలేదు. కొడితే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మరుసటేడు మా ఊళ్ళో పిండి మర పెట్టారు. రోటి మీద గోనెసంచి కప్పారు.

పాట మాత్రం ఆగలేదు. మామ కొట్టులో ఆ టేపు వేస్తే దారిన పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. మాకూ ఒకటి కావాలని అడిగేవాళ్ళు. నేను పదో తరగతి సెలవుల్లో ఆ కొట్టులో చేరాను. మామే పిలిచాడు. ఆయన నన్ను ఎప్పుడూ ఆ విషయం అడగలేదు. రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో టేపు ఆడిస్తూ ఇంకోదాంట్లో కాపీ పట్టడం నా పని.

మొదటి కాపీ పడుతున్నప్పుడే ఆ చోటు వచ్చింది. ఖాళీ. ఆ తర్వాత ఆ మెత్తటి చప్పుడు. కొట్టు ముందు నిలబడి వింటున్న ఒకతను, "ఆ చప్పుడేందబ్బాయ్, ఏదన్నా కింద పడిందా?" అన్నాడు.

నా వేలు కాపీ మిషను పాజు బొత్తాం మీదికి పోయింది. మళ్ళీ వెనక్కి తిప్పి, మొదటినుంచి పట్టాను. 'చోటుందా అన్నాదే' దగ్గర నొక్కాను. చప్పుడు దాటిపోయాక వదిలాను. ఇప్పుడు 'చోటుందా' అన్న వెంటనే 'ఉందనవే'. ఖాళీ లేదు, చప్పుడు లేదు, నేను లేను. విన్నవాళ్ళందరూ బాగుందన్నారు. ఇదివరకు అక్కడ టేపు ఇరుక్కున్నట్టుండేది, ఇప్పుడు నున్నగా ఉందన్నారు. ఆ తర్వాత కాపీలన్నీ ఆ కాపీ నుంచే పట్టాను. మామకి కళ్ళు సరిగా కనిపించని రోజులవి. ఒకనాడు ఆయనే తెలియక అసలు టేపు మీద ఏదో ఖవ్వాలీ పట్టేశాడు. తెలిశాక తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు లోపల ఎంత తేలికయ్యిందో చెప్పడానికి సిగ్గేస్తుంది.

మాచర్ల, గురజాల, వినుకొండ. పాట చర్చి నుంచి చర్చికి ఆ కాపీలతోనే పోయింది. పట్నంలో ఎవరో విని, పెద్ద గాయనితో పాడించి క్యాసెట్టు వేశారు. ఆమె ఆ పైకెత్తడం, ఆ వణుకు, ఆ మెలి అన్నీ ఉన్నదున్నట్టు పట్టుకుంది. అసలది పాటలో లేదు. ఆ ఒక్క రోజు తప్ప మా అత్త ఎప్పుడూ అలా పాడలేదు. కానీ అందరికీ నచ్చింది అదే. క్యాసెట్టు పోయి సీడీ వచ్చినా, సీడీ పోయి ఫోన్లొచ్చినా, ఎవరు పాడినా దాన్ని వదల్లేదు. పాట పోటీల్లో పిల్లలు ఆ మెలి వెయ్యకపోతే మార్కులు తగ్గిస్తారట. మా అత్త వేళ్ళు నలిగిన బాధని రాష్ట్రమంతా సాధన చేసి నేర్చుకుంది.

పట్నం క్యాసెట్టు మా చర్చి మైకులో మొదటిసారి వేసిన రోజు నేను అత్త పక్కనే ఉన్నాను. వాకిట్లో చాప మీద కూర్చుని ఎడమచేత్తో కందులు చెరుగుతోంది. పాట వస్తోంది. ఆమె కూడా మెల్లగా అంటోంది. 'చోటుందా అన్నాదే' దగ్గర అలవాటుగా ఆగింది. మైకు ఆగలేదు. అత్త కుడిచెయ్యి ఉలిక్కిపడి చేట కిందనుంచి ఒళ్ళోకి వచ్చింది. కొంగులోకి దూరిపోయింది.

తర్వాత నవ్వింది.

"ఏందిరా వీళ్ళు, నా చెయ్యి తియ్యనియ్యకుండానే ఏసేశారు" అంది.

ఎవరు చేశారో చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాలేదు. పనుందని లేచాను. నా బతుకులో అన్నిటికీ నేను చేసిన పని అదే, లేవడం. ఉద్యోగం కూడా బస్సు కండక్టరుగా చేరాను, ఒకచోట నిలవక్కర్లేదని. అత్త చివరి రోజుల్లో మంచం పక్కన అందరికంటే తక్కువసేపు కూర్చున్నది నేనే. చూసి రావడం, బయటికి పోవడం. ఆమె పోయిన పూట కూడా నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను.

మొన్న బస్టాండు వెనక గోడ దగ్గర నిలబడి ఇవన్నీ అనుకున్నాను. అనుకోవడం కొత్త కాదు. కొత్త సంగతి ఏమిటంటే, ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ మనవడు నా కోసం కూర్చున్నాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు.

"పెదనాన్నా, ఈ యేడు మన పాట మనమే ఫోన్లో పట్టి పెడదామనుకుంటన్నా. అందరూ పాడారు, మనూళ్ళో వాళ్ళు పాడింది ఒక్కటీ లేదు. మా నాయనమ్మని అడిగితే, ఇప్పుడు పాడేదంతా తప్పంటది. ఏంది తప్పు అంటే చెప్పదు. మీ పెదనాన్నని అడుగు అంటది. ఏంది పెదనాన్నా అది?"

చెప్పాను. నిలబడి మొదలుపెట్టి, నడుస్తూ చెప్పాను. రోకలి సంగతి, పాజు బొత్తాం సంగతి కూడా.

"అయితే ఆ పైకెత్తేది..." అన్నాడు కుర్రాడు. "చానా బాగుంటది గదా అది. ఆ ఒక్క ముక్క కోసమే అందరూ రీల్సు చేస్తారు."

"అవును" అన్నాను.

మర్నాడు పొద్దున పెద్దమ్మ ఇంట్లో కూర్చున్నాం. ఆమెకిప్పుడు పళ్ళు లేవు, చూపు సగం. నోరు మాత్రం అదే. కుర్రాడు ఫోను ఒక స్టాండుకి బిగించి ఆమె ముందు పెట్టాడు.

"గమ్మునుండండి, మిషను వింటది" అంది పెద్దమ్మ నాకేసి చూసి. రేడియో మామ మాట అది. ఆయనా లేడిప్పుడు.

చేతికర్రే రోకలి. గచ్చు మీద దాంతో దంచుతూ ఎత్తుకుంది. గొంతు లేదు, గాలే ఎక్కువ. కానీ కర్ర పడే చోటు ఎక్కడా తప్పలేదు. అత్త అడగాల్సినవి కూడా తానే అడిగి, తానే చెప్పుకుంటూ పోయింది. నా కాలు ఆడడం మొదలైంది. రెండో కాలితో దాన్ని తొక్కిపెట్టాను.

"చోటుందా అన్నాదే చెల్లీ, చోటుందా అన్నాదే."

కర్ర పైకి లేచింది. గాల్లో ఆగింది.

ఫోను తెరమీద ఇందాకటిదాకా గొంతుతో పాటు ఎగిరెగిరి పడిన గీత చదునుగా సాగిపోతోంది. కుర్రాడు దానికేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. ఆమె మర్చిపోయిందనుకున్నాడు. వేలు ఆపే బొత్తాం దగ్గరికి పోయింది. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"నాయనమ్మా, తర్వాత ముక్క..." అన్నాడు వాడు మెల్లగా.

"నాకు తెలవదా ముక్క?" అంది ఆమె, కర్ర దించకుండా. "అది నాది కాదురా. చెయ్యి పెట్టినోళ్ళది."

అలాగే నాకేసి చూస్తోంది. కర్ర వణుకుతోంది, అయినా దించడం లేదు. అత్త నాకు చెప్పిన మాట ఆమె ఇన్నేళ్ళూ పాటించింది. ఉందనవే అనేదాకా, లోకం మునిగినా.

లేచిపోవాలనిపించింది. వాకిలి నాలుగు అడుగుల్లో ఉంది. లేవలేదు. ఆ రోజు ఎర్రబడిన రోట్లో అత్త చెయ్యి మెల్లగా పిండిని నడిమికి తోయడం కళ్ళ ముందు చూశాను. ఒక అంచు, ఇంకో అంచు, అడుగున ఇంకొంచెం. తడిగా ఉంది గదా, ఎక్కువసేపు పడుతుంది. తోయనిచ్చాను. వేళ్ళకి అంటుకున్న పిండి రోటి అంచుకి రాసి, చెయ్యి పూర్తిగా బయటికొచ్చి, ఆమె మోకాలి మీద ఆనేదాకా ఆగాను.

అప్పుడు అన్నాను. పైకెత్తలేదు, మెలి వెయ్యలేదు. ఆ రోజుకి ముందు అత్త ఎప్పుడూ పాడినట్టే, కింది నుంచి.

"ఉందనవే అక్కా, ఉందనవే."

పెద్దమ్మ కర్ర దించింది.